ప్రేమల పేరు మీది మచ్చ పోయిన రోజు

నేను రాథోడ్ మోతీరాం, తండ్రి ధర్మా, వయసు డెబ్బై ఒకటి, బాన్సువాడ దగ్గరి తండా నివాసిని, ఏడో తరగతి చదివినవాణ్ణి. నా తెలివి నాకుంది, ఎవరి బలవంతమూ లేదు. ఈ పొద్దున నా బిడ్డ ప్రేమల సిబిల్ రిపోర్టు, అదే లోను ఇచ్చే ముందు బ్యాంకువాళ్లు చూసే బాకీల చిట్టా, శుభ్రంగా వచ్చింది. మూడుసార్లు చదివించుకున్నాను! ఆ సంతోషంలోనే ఈ వీలునామా రాస్తున్నాను.

1. బోరు కింది రెండెకరాల్లో కొడుకు సంజీవ్‌కు ఒకటి, ప్రేమలకు ఒకటి. ఆడబిడ్డకు భూమి ఏందని అడిగేవాళ్లు కిందిది చదవాలి.

2. తొమ్మిదేళ్ల కింద నా ట్రాక్టరు లోనుకు, దవాఖానలో నౌకరీ చేసే ప్రేమలతో జామీను సంతకం పెట్టించింది నేనే. కిస్తులు కట్టలేకపోయాను. సగం కడితే మిగతాది వదిలేస్తామని ఫైనాన్సువాళ్లు అంటే కట్టాను. సర్కారు మాఫీ లాంటిదే అనుకుని తండా అంతా లడ్డూలు పంచాను. ఆ మిగతా సగం బిడ్డ పేరు మీద మచ్చగా నిలిచిందని తెలియదు.

మూడేళ్ల కింద నా భార్య భీమ్లికి ఆపరేషన్ అన్నారు. ప్రేమల లోనుకు పోయి ఉత్త చేతులతో వచ్చింది. "దొరకలేదు బాపు" అన్నది, అంతే. వాకిట్లో అందరి ముందర, "తల్లికి పెట్టనీకె చెయ్యి వస్తలేదా నీకు?" అన్నాను. ఎనిమిది రోజులకు భీమ్లి పోయింది.

3. ఈ ఏడు ఆ బాకీ సంగతి తేల్చడానికి ప్రేమల వెంట ఫైనాన్సు ఆఫీసుకు పోతే, ఆమె ఫైలులోని పాత బ్యాంకు కాగితాన్ని మేనేజరు పైకి చదివాడు. ట్రాక్టరు బాకీ వల్లే లోను ఇవ్వలేదట. తేదీ, భీమ్లి దవాఖానలో ఉన్న వారానిది. మూడేళ్లు నాకు చెప్పలేదు పిచ్చి తల్లి.

ఆరుసార్లు తిరిగి, వడ్డీ వదిలించి అసలుకు ఒప్పించింది. "ముందు రాసియ్యుండ్రి సార్, తర్వాతనే పైసలు" అన్నది. నా బంగారు బిడ్డ! ట్రాలీ అమ్మి కట్టాను. బాకీ లేదన్న ఆ కాగితం ప్రేమలకే.

4. భీమ్లి అద్దాల రవిక కూడా ప్రేమలకే. దవాఖానకు పోయే రోజు ఒక అద్దం ఊడితే, వచ్చినంక కుడతానన్నది. ఆ అద్దం రవికలోనే మడిచి పెట్టాను.

5. సంజీవ్‌కు నా మోటారు సైకిల్. వాకిట్లో అక్కను నేను ఆ మాట అన్న రోజు నా పక్కన నిలబడి తల ఊపినవాడివి. అక్క దగ్గరికి నువ్వే పోయి మాఫీ అడుక్కో.

6. ఈ కాగితాన్ని అమలు చేసే బీర్కూర్ రాజేశ్వర్ సారు, నా పన్నెండో దినాన, అదే వాకిట్లో, అందరి ముందర గట్టిగా చదవాలి. మొన్న నా తప్పు నలుగురిలో చెప్పబోతే "ఇగ ఊకో బాపు" అని బిడ్డ నా నోరు మూసింది. ఇప్పుడు మూయడం కుదరదు. ప్రేమలా, నువ్వు తల్లికి చెయ్యి ఆపలేదు. నీ చెయ్యి కట్టేసింది నేను.

బాన్సువాడ, 12 నవంబర్ 2025
(సంతకం) రాథోడ్ మోతీరాం
సాక్షులు: జాదవ్ ఫూల్‌సింగ్, సావిత్రమ్మ