చేతికి తగలని చుక్కలు

నా బంగారు తల్లికి,

నాన్న ఆశీస్సులు. అల్లుడు ఫోనులో రిపోర్టు చదివి వినిపించాడు. "మామయ్యా, తీసిన ముక్కలోనే అంతా వచ్చేసిందట, చుట్టూ అంచులు శుభ్రంగా ఉన్నాయట" అన్నాడు. మళ్ళీ చదవమన్నాను. మూడోసారి చదవమంటే, "ఎన్నిసార్లు చదివినా అదే ఉంటుంది మామయ్యా" అని నవ్వాడు. ఉండనీ! నాకు వినాలని ఉంది! ఇక్కడ నా దగ్గరున్న నీ కూతుర్ని ఎత్తుకుని గిరగిరా తిప్పబోయి నడుం పట్టేసింది. "తాతయ్యా, నీకు పిచ్చెక్కిందా?" అంది. ఎక్కిందే అమ్మా, ఎక్కింది!

ఇంత సంతోషంలోనూ ఒళ్ళు మండిపోతోంది తల్లీ. ఈ మాట మూడు నెలల కిందటే వినాల్సింది కదా! నీ రొమ్ములో ఉన్నవి ఆవగింజలో సగం లేని చుక్కలు. చేత్తో తడిమితే తగలవు, ఎక్స్‌రే ఫొటోలోనే కనిపిస్తాయి. సూదితో పరీక్ష చేసి, ఉంచకూడదన్నారు. ఫొటో తీసిన డాక్టరమ్మ అప్పుడే చెప్పింది, ఆపరేషన్ రోజు పొద్దున ఫొటో చూస్తూ ఆ చుక్కల దాకా సన్నటి తీగ పెడతామనీ, కోసే డాక్టరు ఆ తీగ వెంట వెళ్తే చాలనీ. మన పెద్ద డాక్టరు గారేమో, "ముప్పై ఏళ్ళ చెయ్యి ఇది, నాకు తీగలెందుకు?" అన్నారు. కోశారు. ముక్క తీశారు. అందులో ఏమీ లేదు! మళ్ళీ ఫొటో తీస్తే చుక్కలు ఎక్కడివక్కడే కూర్చుని ఉన్నాయి. "ఒక్కోసారి ఇలా అవుతుంది" అన్నారాయన. ఎవరి ఒంటి మీద అవుతుందయ్యా? ఆయన ఒంటి మీదా, నా బిడ్డ ఒంటి మీదా?

ఇవాళ పొద్దున ఆయనే కబురు చేశారు. వాళ్ళింట్లో బాత్రూం గోడ చెమ్మెక్కిందట. వెళ్ళకూడదనే అనుకున్నాను, కాళ్ళు ఊరుకోలేదు.

"ఇదిగో మేస్త్రీ, తడి ఇక్కడుంది. ఇక్కడ పగలగొట్టు" అన్నారు.

"తడి ఉన్నచోటే లీకు ఉండాలని ఏముందండీ? నీళ్ళు ఎక్కడో కారి ఎక్కడో తేలతాయి."

"నలభై ఏళ్ళ చెయ్యి కదయ్యా నీది. తడిమి చూడు, తెలుస్తుంది."

అప్పుడు రేగింది నాకు. అయినా ఇనప కడ్డీ ఒక కొన గోడకీ, రెండో కొన చెవికీ ఆనించి, జానెడు జానెడు జరుపుతూ విన్నాను. రెండు మూరల అవతల, పొడిగా ఉన్న గోడలో సుయ్యిమంటోంది. ఒక్క పలక ఊడదీశాను. అక్కడే ఉంది. బిగించాక కూడా వెంటనే మూయలేదు, నీళ్ళు వదిలి చూశాకే మూశాను. "ఇంత చిన్న చిల్లుతో అయిపోయిందా!" అని ఆయన నోరు తెరిచారు.

"నేను మీ గోడకి చేసిన మర్యాద మీరు నా కూతురికి చెయ్యలేదండీ" అన్నాను.

మొహం మాడిపోయింది. కొత్త ఆసుపత్రిలో నీకు రెండో ఆపరేషన్ చేసిన డాక్టరమ్మాయి చేసింది కూడా ఇదే కదా! తీగ వెంట వెళ్ళి, తీసిన ముక్కని ఫొటో తీయించి, చుక్కలు అందులో ఉన్నాయని తేలాకే కుట్లేసింది. నాకన్నా ఎంత చిన్నది! కనిపిస్తే కాళ్ళకి దండం పెట్టేస్తాను.

ఇక అసలు సంగతి. ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. మొదటి ఆపరేషన్ రోజు ఆసుపత్రి వరండాలో నువ్వు నా మోచెయ్యి పట్టుకుని, "నాన్నా, తీగ పెట్టించుకోనా, వద్దా?" అని అడిగావు. "వద్దులే, చేతిని మించిన యంత్రం లేదు" అన్నాను. పచ్చి అబద్ధం! నేను ఏనాడూ చేతిని నమ్మి గోడ పగలగొట్టలేదు. మరెందుకన్నాను? అంతకు ముందే డాక్టరు గారు నా భుజం తట్టి, "మనిద్దరిదీ చేతి పనే కదా మేస్త్రీ" అన్నారు. అంత పెద్దాయన నన్ను తన పక్కన నిలబెట్టుకునేసరికి పూరేకులా తేలిపోయాను. నా ఉబ్బుకి నీకు రెండో కోత. ఆయన్ని కడిగేసి వచ్చాను సరే, నన్ను కడిగేవాళ్ళేరీ? నువ్వే కడుగు.

మీ నాన్న

*

ఓసి దొంగపిల్లా,

నీ జవాబు అందింది. ఏమిటే ఇది! నన్ను అడిగేటప్పటికే తీగ వద్దని సంతకం పెట్టేశావా? నీకే భయమేసి, నేను వద్దంటానని తెలిసే అడిగావా? మూడు నెలలుగా నాకు ముద్ద దిగకపోతే, "తిడతావని చెప్పలేదు నాన్నా" అంటావా? ఇప్పుడు తిడతాను! కాసేపు తిట్టాను, కాసేపు నవ్వాను, కాసేపు కళ్ళు తుడుచుకున్నాను. "ఎవర్ని తాతయ్యా తిడుతున్నావు?" అంది నీ కూతురు. "మీ అమ్మని" అన్నాను. "సరే, తిట్టు" అని ఆటకి పోయింది.

కానీ నన్ను ఇంత తేలిగ్గా వదిలెయ్యకు. సంతకం పెడితే పెట్టావు, చింపి కొత్త కాగితం రాయించుకోవచ్చు. నువ్వు భయపడ్డావు, అది తప్పు కాదు; నా దగ్గర దాచడమే తప్పు. భయపడ్డ మనిషికి తెలిసినవాడు నిజం చెప్పాలి. నాకు తెలుసు. చెప్పలేదు. ఈ తప్పు మనిద్దరం చెరిసగం పంచుకుందాం. డాక్టరు గారి వాటా మాత్రం ఆవగింజంత కూడా తగ్గించను! "చేతికి తగలని చుక్కలున్నవాళ్ళని ఇకనైనా తీగకి పంపిస్తారా, పంపించరా?" అని కాగితం రాసి ఆయన గేటులో పడేసి వచ్చాను. జవాబు రాలేదు. వచ్చేదాకా వేస్తూనే ఉంటాను.

ఈ అక్షరాలు చూడు, ఎలా వంకర్లు పోతున్నాయో. సంతోషానికి చెయ్యి వణుకుతోందమ్మా. ఇలాంటి చేతిని ఇంకెప్పుడూ నమ్ముకోకు. నీ తల మీద పెట్టడానికి మాత్రం పనికొస్తుంది. అందుకే ఈ ఉత్తరం జేబులో పెట్టుకుని, నీ కూతుర్ని వెంటబెట్టుకుని, రేపు పొద్దున బండికి వస్తున్నాను.

తిట్టినా నీవాడే,
నాన్న