పద్మ ఒప్పుకోని ప్రజాతి

అమీర్‌పేట,
ఆదివారం

అక్కకు,

నేను బాగానే ఉన్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందో లేదో రాయి.

నీ మరదలు పద్మ చివరి రోజు గురించి అడిగావు. ఆ ఉదయం ఆసుపత్రిలో ఇడ్లీ సగం తిని చాలంది. మధ్యాహ్నం తను పాఠాలు చెప్పే కాలేజీ బోటనీ హెచ్‌ఓడీ ఫోన్ చేశాడు. నల్లమల అడవి నుంచి ఆయనా పద్మా తెచ్చిన తీగ గురించే. "వేరు చేయకండి సార్" అని రెండుసార్లు చెప్పింది. తర్వాత నిద్రపోయింది. సాయంత్రం పోయింది. అంతే.

ఆ తీగ సంగతి నీకు తెలియాలి. మొక్కకూ మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఆ ఇంటిపేరునే ప్రజాతి అంటారు. దీని పువ్వు వేరుగా ఉంది కాబట్టి కొత్త ప్రజాతి కట్టాలని ఆయన పట్టు. పద్మ ఆకు, కాయ, గింజ, పుప్పొడి అన్నీ చూసింది. జన్యువులూ పరీక్ష చేయించింది. అది పాత ప్రజాతి మధ్యలోనే పుట్టింది, దాన్ని బయటికి లాగితే మిగిలినవి ఒక కుటుంబం కాకుండా పోతాయి. "పువ్వు మీద వాలే పురుగు మారితే పువ్వూ మారుతుంది. పిల్లల్లో ఒకడి ముక్కు వేరుగా ఉందని ఇంటిపేరు మారుస్తామా?" అనేది.

మొన్న ఆయన ఇంటికొచ్చాడు. పరిశోధన పేపర్ రాసి కొత్త ప్రజాతి ప్రకటిస్తాడట. దానికి పద్మ పేరు పెడతాడట.

"మేడం పేరు ఎప్పటికీ ఉంటది సార్. ఒక మంచి ఫోటో ఇయ్యుండ్రి, పేపర్ల వేస్తం."

"ఆమె వద్దంది కదండీ."

"ఇప్పుడు మేడం లేరు కద సార్. జర ఆలోచించుండ్రి."

టీ తాగి వెళ్ళాడు. ఆ కప్పు కడగబుద్ధి కాలేదు.

నువ్వూ ఫోన్లో "ఒప్పుకోరా, పేరు నిలుస్తుంది" అన్నావు. నీ మీదా కోపంగానే ఉంది. ఏ పేరు నిలుస్తుంది? తప్పని ఆమె చెప్పినదాని మీద ఆమె పేరు! రేపు ఇంకెవరో పరిశీలించి దాన్ని మళ్ళీ పాతదాంట్లో కలిపేస్తే, ఆ పొరపాటుకే పద్మ పేరు మిగులుతుంది. ఇది గౌరవమా?

ఇక్కడ ఎండలు తగ్గాయి. కోచింగ్ పిల్లల మెస్‌లో తింటున్నాను. పప్పులో ఉప్పుండదు. తెనాలి నుంచి ఎవరైనా వస్తుంటే కందిపొడి పంపు. బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

బావగారికి, పెద్దమ్మకు నా నమస్కారాలు. నీ ఆశీస్సులు ఎప్పుడూ అడిగేవే, ఈసారి కాస్త గట్టిగా కావాలి.

రేపు ఉదయం పంజాగుట్టలో వాళ్ళ కాలేజీకి వెళ్తాను. ఫోటో ఇవ్వనని, ఆమె పేరు పెట్టొద్దని చెబుతాను. ఆమె కాదన్నదనీ, ఎందుకు కాదన్నదో కూడా ఆ పేపర్లో వేయమంటాను. ఒప్పుకునేదాకా ఆయన గదిలోంచి లేవను.

నీ తమ్ముడు,
రామం