ఫ్రెంచి సినిమా చూసిన మధ్యాహ్నం

అమ్మా,

నీ సంవత్సరీకానికి అన్న, తమ్ముడు ఇద్దరూ కోరమండల్‌లోని మన ఇంటికి వచ్చారు. తాను బెంగళూరు నుంచి రాకముందే అన్న నీ దహనం చేసేశాడని తమ్ముడు ఏడాదిగా ఆయనతో మాట్లాడటం లేదు. భోజనాలయ్యాక ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలని నా కూతురు టీవీలో ఒక ఫ్రెంచి సినిమా పెట్టింది. అందులో సెలవులకు కలిసిన అన్నదమ్ములు రెండు గంటలు తిట్టుకుని, చివర్లో ఒక్కసారి కౌగిలించుకుని అన్నీ మరిచిపోయారు. నాకేమీ నచ్చలేదు.

"ఏమ్మా, ఇంత సులువా?" అని అన్న నా కూతురిని అడిగి నవ్వాడు.

తమ్ముడు కూడా అన్నతో కాకుండా నా కూతురితోనే అన్నాడు. "ఆ సినిమాలో వాళ్ళు అన్నం తినేదానిక్కూడా తమ్ముడి కోసం ఆగినారు కదమ్మా. సులువే."

అన్న నావైపు చూసి తల దించుకున్నాడు. "ఇంగ ఆగద్దన్నా, పొద్దు గూకుతాది" అని నీ దహనం రోజు చెప్పింది నేనే. ఆ సంగతి ఆయన ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నేను దేవుడి ముందు రోజూ ఒప్పుకున్నాను గానీ, తమ్ముడి ముందు నోరు విప్పలేదు.

టీవీ ఆపి చెప్పేశాను.

"నువ్వా అక్కా?" అన్నాడు తమ్ముడు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ వాకిట్లో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నేనిచ్చిన కాఫీ మాత్రం తమ్ముడు తీసుకోలేదమ్మా.