బస్రా వెళ్లిన తాతయ్య

బందరు,
12-5-1957.

అక్క కనకదుర్గకు తమ్ముడు కోటిలింగం నమస్కారాలు పెట్టి రాసేది. నేనిక్కడ కులాసా. నువ్వూ, బావా, నాయనమ్మా, పెళ్లికూతురు రాజకుమారీ క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం నాయనమ్మ ఎదుట పైకి చదువు. పెళ్లికొడుకు మేనమామ నరసింహం గారినీ పిలిచి కూర్చోబెట్టు. ఆయన మూలానే కదా ఈ పాట్లన్నీ.

తాతయ్య బతికున్నట్టు కాగితం తెస్తే సరే, లేకపోతే చెల్లికి తొలి పసుపు నాయనమ్మ రాయడానికి వీల్లేదని, గాజులు తీసేసి ఓ మూల కూర్చోవాలని ఆయన అన్నప్పటి నుంచి నేను కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. అమ్మా నాన్నా పోయాక చేపల గంప మోసి మన ముగ్గుర్నీ పెంచిన మనిషి. ఆ చేతులు కాకపోతే ఇంకెవరి చేతులు రాయాలి? తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది. మొన్న మా ప్లీడరు గారి వకాల్తాలో కక్షిదారు పేరు బదులు తాతయ్య పేరు, పోతయ్య అని రాసి చీవాట్లు తిన్నాను. గుడివాడ నుంచి వస్తూ బస్సు పామర్రులో ఆగితే, దిగి నాలుగడుగులు అటూ ఇటూ తిరిగితే గాని మళ్లీ కూర్చోలేకపోయాను.

సంగతికి వస్తాను. జర్మనీ యుద్ధంలో కూలీ పటాలంతో బస్రా వెళ్లిన తాతయ్య జ్వరంతో పోయాడని ఎవడో చెబితే, పెదతాత పెద్దకర్మ చేసేశాడు కదా. ఆ రోజు నాయనమ్మ చేతులు చంకల్లో దాచుకుని, ముందు శవాన్ని సూపించి అప్పుడు గాజులు పగలగొట్టండి అన్నదని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొండిదే. ఆ మొండితనమే గెలిచింది. మద్రాసు మిలిటరీ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. తాతయ్య బస్రాలో చావలేదు. యుద్ధం అయ్యాక బొంబాయిలో ఓడ దిగి, రావలసిన జీతం తీసుకుని వేలిముద్ర వేశాడు. ఆ కాగితం దీంతో పంపుతున్నాను.

మరి ఇంటికెందుకు రాలేదని నాయనమ్మ అడుగుతుంది. నాకు తెలియదని చెప్పు. పటాలం వాళ్లకు బంజరు భూములు ఇచ్చారంటే గుడివాడ తాలూకా ఆఫీసులో అడిగాను, లేదన్నారు. బందరు కోర్టులో పాత దావాల కట్టలు విప్పించాను. దుమ్ముకు దగ్గు వచ్చిందే గాని తాతయ్య పేరు రాలేదు. పోనీ, చచ్చాడన్న కబురు అబద్ధమని సర్కారు కాగితమే చెబుతోంది. గాజులు తియ్యమనడానికి ఇక ఎవరికీ నోరుండదు. పెళ్లికి ముందు రోజుకి నేను వచ్చేస్తాను.

ఇట్లు,
నీ తమ్ముడు,
కోటిలింగం.

తా.క.: ఈ చీటీ విడిగా మడిచి పెట్టాను. లోపలికి చదువుకుని పొయ్యిలో వెయ్యి.

అక్కా, మిలిటరీ కాగితం నిజం. ఆ తర్వాత రాసింది అబద్ధం. తాలూకా ఆఫీసులో తాతయ్య పేరు దొరికింది. గుడివాడ అవతల బంజరు పట్టా ఇచ్చారు. ఆ పొలం గట్టు తగాదా బందరు కోర్టుకెక్కితే, ఆయన చెప్పిన సాక్ష్యం కూడా చదివాను. సొంత ఊరు వదిలి ఇక్కడెందుకున్నావని ప్లీడరు అడిగితే, అక్కడ నేను చచ్చిపోయానండీ అన్నాడు. అలాగే రాసుకున్నారు.

ఆ ఊరు వెళ్లాను. తాతయ్య పోయి నాలుగేళ్లయింది. రెండో భార్య రమణమ్మ గారు ఉన్నది. బోసి చేతులు. నా మొహంలో పోలిక పట్టేసి, లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. జరిగింది ఆవిడే చెప్పింది. బొంబాయి నుంచి తాతయ్య తిన్నగా మన పులిగడ్డ రేవుదాకా వచ్చాడట. పడవవాడు గుర్తుపట్టి, నీ కర్మ సేసేశారు పోతయ్యా, కర్మ అయిపోయినోడు గడప తొక్కితే ఇంటికి అరిష్టం, పిల్లోడున్నాడు అన్నాడట. అంతే, ఇంకేమీ అడక్కుండా వెనక్కి తిరిగాడట. కర్మతోపాటు పెళ్లాం గాజులు కూడా పోయాయనే అనుకున్నాడు. ఆయన మీద నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

నాయనమ్మ గాజులు ఇంకా చేతులకే ఉన్నాయని చెప్పాను. ఆ ఒక్క ముక్క రేవులో తెలిసుంటే ఆయన నా గుమ్మం తొక్కేవాడు కాదు బాబూ అన్నది రమణమ్మ గారు. నరసింహం గారి పట్టుదల సంగతి కూడా చెప్పి లేచాను. వీధిదాకా వచ్చింది. ఈ మాట మీ ఇంట్లో ఎవరికీ చెప్పకండి, పసుపు ఆవిడ చేతే రాయించండి, ఆయన పోయినందుకు గాజులు నేను తీశానుగా, ఇంక మా అక్కెందుకు తియ్యాలి అన్నది.