ఖాళీగా తిరిగిన లేత్

నాన్నా,

ఈ ఉదయం నీ స్నేహితుడు అప్పలస్వామి మామ షెడ్డులో లేత్ హోరెత్తిపోతోంది, కింద నేల మీద మాత్రం పిసరంత ఇనుప తురుము కూడా లేదు. సర్వేవాళ్లు వస్తున్నారంటే నువ్వూ ఇలాగే పని లేని లేత్‌ను తిప్పేవాడివి. ఇప్పుడు ఆ సర్వే మనిషిని నేనే. గోల్‌మురిలో చిన్న కార్ఖానాలు తిరిగి, రాబోయే ఆరు నెలలు వ్యాపారం ఎలా ఉంటుందని అడుగుతాను.

"ఫస్ట్ క్లాస్‌గుంటాదని రాసీయమ్మా," అన్నాడు మామ.

"సచ్ బోలియే నా, మామా."

"నిజం సెప్తే ఆర్డర్లు నువ్విత్తావేటి? యాపారం మందా, గిరాకీ నేదని తెలిత్తే పెద్ద కంపెనీవోళ్లు ఇటేపే సూడరు. మీ నాన్న సెప్పేడేటి నిజం?"

కాన్వెంటు సిస్టర్లు నేర్పిన గుండ్రటి చేతిరాతతో 'మెరుగు' అని రాశాను. అందరూ ఇదే చెబుతారు. దేశంలో వ్యాపారులకు ధైర్యం పెరిగిందని వచ్చే నెల పేపర్లో వేస్తారు. నువ్వు షట్టర్ దించేసిన నెలలోనూ అలాగే వేశారు. అందులో నీ 'ఫస్ట్ క్లాస్' కూడా ఉండే ఉంటుంది.

నేను రాయడం అవగానే మామ లేత్ ఆపేశాడు. నువ్వు పోయాక అమ్మ దాన్ని ఆయనకే అమ్మింది.