గంజాయికి దిష్టిబొమ్మ

1986 మార్చి 9, ఆదివారం

చలి పోయింది, మామిడి పిందె పట్టింది. పొద్దున చెరుకుకు నీళ్ళు కట్టాను. చెరుకు మీదుగా కొత్త దిష్టిబొమ్మ తల కనబడితే, ఎందుకా అని లోపలికి వెళ్ళాను. మోకాలెత్తు గంజాయి మొక్కలు. బావమరిది ఘనకార్యం. ఎవరూ చూడకూడదని చాటున వేసి, దిష్టి తగలకుండా బస్సు రోడ్డుకు కనబడేలా బొమ్మ పెట్టాడు.

"బాగా ఏపుగా ఉండాయి బావా. కన్ను పడితే?"

"పోలీసోళ్ళ కన్ను పడితే నన్ను గదరా తీసకపోయేది. నేల నా పేర్న ఉండాది."

"బొమ్మ ఉండాదిలే బావా."

ఇలాంటి తెలివికి జైలు కూడా దండగ. అన్నీ పీకి కాల్చేశాను.

"అంత బొమ్మ పెట్టినా నా తమ్ముడికి నీ దిష్టే తగిలింది సూడు," అంది నా భార్య.

ఆ బొమ్మను ఇంకెవరు చూశారో తెలియదు.

సాయంత్రం బస్సుకు బావమరిది వాళ్ళ ఊరు పుత్తూరు వెళ్ళిపోయాడు. నా భార్య కూడా వెళ్ళింది.