నారింజ తలుపు దాకా

పామ్ స్ప్రింగ్స్,
మంగళవారం, పొద్దున.

ప్రియమైన లోవెల్‌కు,

నేనిక్కడ కులాసా. నువ్వు లాస్ ఏంజెల్స్ ఆస్పత్రిలో వాళ్ళు చెప్పినట్టు వింటూ కులాసాగా ఉన్నావనుకుంటాను. వినకపోతే నర్సు నాకు ఫోన్ చేస్తుందిలే. పిల్లి కూడా క్షేమమే. నీ కుర్చీలో పడుకోవడం మరిగింది, ఇక నువ్వు లేవమన్నా లేవదు.

నీ ఎడమచేతి ఉత్తరం అంది నెల దాటింది, జవాబు ఇప్పటికి రాస్తున్నాను. చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టున్నాయి అక్షరాలు. అయినా ఒక్క ముక్క వదలకుండా చదివాను. పక్షవాతం వచ్చిన కొత్తలో నీ పేరే నువ్వు రాయలేకపోయావు. ఇప్పుడు రెండు పేజీల నిండా నన్ను తిట్టగలిగావు. ఎంత సంతోషించానో చెప్పలేను.

నువ్వడిగిన వాటికి జవాబులు. తలుపు నారింజ రంగులోనే ఉంది, దాన్నెవరూ ముట్టుకోలేదు. ఆలివ్ చెట్టూ ఉంది. పచ్చిక మాత్రం లేదు. కేకలేసే ముందు పూర్తిగా విను. బల్లపరుపు కప్పు, నిలువెత్తు అద్దాలు, గీత గీసినట్టుండే ఇల్లు మనది. దాని ముందు గుండ్రటి పూలమళ్ళూ, ఎడారిలో నీళ్ళు తాగే పచ్చికానూ! మంచి సూటు వేసుకుని నెత్తిన పూల టోపీ పెట్టుకున్నట్టుందని వెక్కిరించింది నువ్వే కదా. అందుకే తీసేయించాను. ఇప్పుడు లేత రంగు కంకర, మూడు బండరాళ్ళు, కిత్తనార మొక్కలు, బంతుల్లాంటి పసుపు ముళ్ళ కాక్టస్‌లు ఉన్నాయి. రోడ్డు నుంచి తలుపు దాకా వెడల్పాటి కాంక్రీటు పలకలు, వాటి పక్కనే నడుమెత్తు జాలీ దిమ్మెల గోడ.

ఏటా ఫిబ్రవరిలో జనం చూడటానికి ఊళ్ళో ఏ ఇళ్ళు తెరవాలో తేల్చే లాయిడ్ తెలుసుగా, పచ్చిక పేరు చెప్పి మనింటిని ఎప్పుడూ పక్కన పెట్టేవాడు. ఆదివారం కారాపి దిగాడు.

"వెర్నా, ఎవరు గీశారే ఇది?"

"నేనే. కిరాణా కాగితం సంచీ మీద."

"కోతలు కొయ్యకు! ఆ బాట చూడు, ఎంత తేలిగ్గా పోతోందో. ఈ ఏడు మీ ఇల్లు పెట్టాల్సిందే. లోవెల్ చూస్తే ఎగిరి గంతేస్తాడు."

"గంతెయ్యడం కాస్త కష్టంలే," అన్నాను. పాపం, నాలిక్కరుచుకున్నాడు.

నీ ఉత్తరంలో ఆఖరి మాటకి జవాబివ్వకుండా ఇంతదాకా దాటేశాను. 'ఇంటి ముందు ఆస్పత్రి ర్యాంపూ, ఇనప కమ్మీలూ పెట్టావో, నేను గడప తొక్కను. ఊరంతా చూసి జాలిపడటానికా? ఏదైనా వృద్ధాశ్రమంలో చేర్పించెయ్' అని రాశావు. అది చదివి చాలా ఏడ్చాను. తలుపు ముందు మూడు మెట్లు. ర్యాంపు లేకపోతే ఆస్పత్రివాళ్ళు నిన్ను ఇంటికి పంపరు, ఉంటే నువ్వు రావు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నువ్వు లేకుండా ఈ ఇంట్లో ఉండటం నావల్ల కాదు లోవెల్.

అందుకని చెప్పకుండా ఒక పని చేశాను. ఆ బాటే ర్యాంపు. రోడ్డు దగ్గర్నుంచీ మట్టి పోయించి నేలనే మెల్లగా పైకి లేపించాను. మెట్లు దాని కింద ఉన్నాయి. జాలీ గోడే నీ కమ్మీ. నీ ఎడమచేతికి అందాలని ఎడమవైపు కట్టించాను.

మొదట పత్రికల్లో ఇళ్ళలాగా పలకకీ పలకకీ మధ్య కంకర పోయించాను. పక్కింటి డెల్ఫీనా వాళ్ళమ్మ చక్రాల కుర్చీ అరువు తెచ్చి, నేనే కూర్చుని బయల్దేరాను. సగం దారిలో చక్రం కంకరలో దిగబడింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఉత్తరాలతను పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యో, ఏమైందమ్మా?"

"ఏం లేదు నాయనా, అందానికి పోయాను. కాస్త తొయ్యి."

మర్నాడే కంకర తీయించి పలకలు దగ్గరగా జరిపించాను. ఇప్పుడు కుర్చీ నీళ్ళ మీద పడవలా పోతుంది.

నిన్న ఆస్పత్రి నుంచి ఒకావిడ ఇల్లు చూడటానికి వచ్చింది. నాతోపాటు తలుపు దాకా నడిచింది, గుమ్మం చూసింది, వెనక్కి తిరిగి అటూ ఇటూ వెతికింది.

"అంతా బాగానే ఉంది గానీ, ర్యాంపేదండీ?" అంది, దానిమీదే నిలబడి.

నాకు నవ్వాగలేదు. గోడకి చేరగిలబడి నవ్వుతూనే ఏడ్చేశాను. విషయం తెలిశాక ఆవిడా నవ్వింది, సరేనని సంతకం పెట్టింది. ఇన్నాళ్ళకి రాత్రి కంటినిండా నిద్రపోయాను.

గురువారం కారు తీసుకుని వస్తున్నాను. గెడ్డం గీయించుకుని సిద్ధంగా ఉండు. నన్ను తిట్టాలనిపిస్తే, లోపలికి వచ్చాక తిట్టు.

ఇట్లు,
గోళ్ళనిండా మట్టితో,
నీ భార్య
వెర్నా